'చరిత్రలో ఈ రోజు': అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఒక పత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్లుగా 'చరిత్రలో ఈ రోజు' రాస్తున్నాను. రోజుకి ఆరు ఐటెమ్‌లు. లోపలి పేజీలో వాతావరణం పక్కన, రాశిఫలాల కింద చిన్న బాక్సు. "దానికేముంది, నెట్‌లో చూసి దించేయడమేగా" అంటారు మా డెస్కువాళ్లే. దించేస్తే ఏమవుతుందో నాకు మొదటి ఏడాదే తెలిసొచ్చింది.

అపోహ: మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది జూలై 20న. ఇందులో అనుమానమేముంది?

నేనూ అలాగే రాశాను. పేపరు వచ్చిన రోజు తొమ్మిది కొట్టకముందే మహారాణిపేట నుంచి ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారి ఫోన్. "అమ్మా, ఆ రోజు నేను రేడియో పక్కనే కూర్చున్నాను. సోమవారం పొద్దున్న, స్కూలుకి ఆలస్యమవుతోందని మా అమ్మ కేకలేస్తోంది. మీరేమో ఆదివారం నాటి తేదీ వేశారు."

లెక్క వేసి చూస్తే ఆయన మాటే రైటు. 1969 జూలై 20 ఆదివారమే. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టేసరికి అమెరికా తూర్పు తీరంలో ఆదివారం రాత్రి 10:56. గ్రీనిచ్‌లో సోమవారం తెల్లవారుజాము 2:56. మనకి సోమవారం, అంటే జూలై 21, ఉదయం 8:26. నౌక దిగడం కూడా మన టైములో 21 అర్ధరాత్రి దాటాక 1:47కి. మన గడియారం ప్రకారం జూలై 20 రోజంతా వాళ్లు ఇంకా చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

ఆ ఫోన్ తర్వాత ఒక రూలు పెట్టుకున్నాను. ఎక్కడ జరిగిందో అక్కడి గడియారం చూపించిన తేదీయే వేయాలి. చంద్రుడి మీద గడియారం లేదు కనక అమెరికా వాళ్ల కంట్రోల్ రూము ఉన్న హ్యూస్టన్‌ది తీసుకుని, 'మనకి 21' అని పక్కన చేరుస్తాను. పెర్ల్ హార్బర్ మీద దాడి హవాయిలో 1941 డిసెంబర్ 7, జపాన్‌లో 8. ఒకే దాడి, రెండు దేశాల పుస్తకాల్లో రెండు తేదీలు. రెండూ తప్పు కాదు.

అపోహ: డిసెంబర్ 4న నేవీ డే చేసేది 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచినందుకు.

ఇది అచ్చంగా మన ఊరి అపోహ. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన మన జలాంతర్గామి కురుసుర ముందు క్యూలో నిలబడితే పది నిమిషాల్లో మూడు రకాలుగా వినొచ్చు. "ఇదే ఘాజీని ముంచింది" అని ఒకాయన పిల్లలకి చెబుతాడు. వెనకాయన ఇంకో మెట్టెక్కి "ఇదే ఘాజీ" అంటాడు. ఘాజీ ఇప్పటికీ మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగునే ఉంది. కురుసుర ఆ యుద్ధంలో తిరిగింది అరేబియా సముద్రంలో. నేవీ డే చేసేది 1971 డిసెంబర్ 4 రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మిసైల్ బోట్లు కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా.

ఘాజీ మునిగింది 3, 4 తేదీల మధ్య రాత్రి, పన్నెండు దాటాక. అందుకే మేము 4 అని వేస్తే కొందరు పెద్దలు ఒప్పుకోరు, "మూడో తేదీ రాత్రి కిటికీలు అదిరిపోయాయమ్మా" అంటారు. వాళ్ల మాటా కొట్టేయలేం. మన పంచాంగంలో వారం మారేది సూర్యోదయానికి. తెల్లారేదాకా వాళ్ల లెక్కలో అది మూడో తేదీ రాత్రే. ఎలా మునిగిందన్నది వేరే తగువు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోపల పేలే బాంబుల) వల్లనని మన నేవీ, ఘాజీ తానే సముద్రంలో పెట్టిన మైన్ (మందుపాతర) పేలిందని పాకిస్తాన్ చెబుతాయి. బాక్సులో నేను 'మునిగిన రోజు' అని మాత్రమే రాస్తాను.

అపోహ: పెద్దవాళ్ల జ్ఞాపకాలు తేదీలకి పనికిరావు.

తేదీ మరిచిపోతారు, నిజమే. వారం, పండుగ మరిచిపోరు. పాతపట్నంలో ఒక ముసలావిడ జపాన్ విమానాల సంగతి చెబుతూ సంవత్సరం కూడా చెప్పలేకపోయింది. 'బాంబులు పడ్డ యేడు' అంది, అంతే. కాసేపాగి "ఈస్టరు మర్నాడు" అంది. 1942లో ఈస్టర్ ఏప్రిల్ 5. ఆ రోజు జపాన్ కొలంబో మీద బాంబులేసింది. మర్నాడు, 6వ తేదీ సోమవారం, విశాఖ, కాకినాడల మీద. మూడు మాటల్లో తేదీ తేలిపోయింది.

అపోహ: అక్టోబర్ విప్లవాన్ని నవంబర్‌లో చేసుకోవడం ఎర్రజెండా వాళ్ల పొరపాటు.

ఏటా నవంబర్ 7న గాజువాక వైపు యూనియన్ ఆఫీసుల ముందు జెండా ఎగరేస్తారు, ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. 1917లో రష్యాది పాత జూలియన్ క్యాలెండర్, 13 రోజులు వెనక. వాళ్ల అక్టోబర్ 25 మన నవంబర్ 7. అదే లెక్కన పెట్రోగ్రాడ్‌లో ఆడవాళ్లు వీధుల్లోకొచ్చిన ఫిబ్రవరి 23 మనకి మార్చి 8. ఫిబ్రవరి విప్లవం మార్చిలో పడిందీ అందుకే. 1918లో రష్యా క్యాలెండర్ మార్చేసరికి జనవరి 31 మర్నాడే ఫిబ్రవరి 14 వచ్చింది.

ఇది రష్యా గొడవ ఒక్కటే అనుకోకండి. పోప్ గ్రెగరీ చెప్పినట్టు ఇటలీ, స్పెయిన్ 1582లోనే అక్టోబర్ 4 నుంచి 15కి దూకాయి. ఇంగ్లండ్ మాత్రం 1752 దాకా ఆగి, సెప్టెంబర్ 2 నుంచి 14కి దూకింది. అప్పటికే విశాఖలో ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. అంతకుముందు కంపెనీ వాళ్లు రాసిన కాగితాల్లో తేదీ పాత లెక్క. పైగా వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి ఉత్తరం మీద సంవత్సరం చూసి రాసేస్తే ఏడాది వెనక్కి పోతాం.

షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఒకే రోజు పోయారన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. ఇద్దరికీ 1616 ఏప్రిల్ 23 అని రాస్తారు. ఆ తేదీ ఇంగ్లండ్‌లో వచ్చింది స్పెయిన్‌లో వచ్చిన పది రోజులకి. దానికితోడు సెర్వాంటెస్ పోయింది 22న, 23న ఖననం చేశారు. అయినా ఏటా ఏప్రిల్‌లో ఈ ఐటెమ్ రాసుకొచ్చే ట్రైనీ ఒకరుంటారు.

అపోహ: ఒక ఘటనకి ఒకటే తేదీ.

ద్వారకానగర్ కోచింగ్ పిల్లలు ఫోన్ చేసి అడిగేది ఇదే: "మేడమ్, బిట్‌కి ఏది పెట్టాలి?" విశాఖ పోర్టునే చూడండి. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది, పోర్టు పని మొదలైంది. వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించింది డిసెంబర్ 19న. పోర్టువాళ్లు అక్టోబర్ 7 చేసుకుంటారు. నేనూ ఓడ వైపే. టైటానిక్ మంచుకొండని గుద్దింది 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి, మునిగింది 15 తెల్లవారుజాము 2:20కి. 'ప్రమాదం' అంటే 14, 'మునక' అంటే 15. బిట్‌లో ఏ క్రియ ఉందో చూసి టిక్కు పెట్టండి.

అపోహ: 26వ తేదీ అచ్చిరాదు.

మా పిన్ని ఏటా డిసెంబర్‌లో పంపే వాట్సాప్ ఫార్వర్డ్ ఇది. 2001 జనవరి 26 భుజ్ భూకంపం, 2003 డిసెంబర్ 26 ఇరాన్‌లో బమ్ భూకంపం, 2004 డిసెంబర్ 26 సునామీ, 2005 జూలై 26 ముంబై వరద, 2008 నవంబర్ 26 ముంబై దాడులు. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అయిదూ నిజాలే.

2001 నుంచి 2008 దాకా 26వ తేదీలు మొత్తం 96. ఈ లిస్టులో ఉన్నవి అయిదు. తక్కిన 91 రోజుల సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19. భోపాల్ 1984 డిసెంబర్ 2, 3 మధ్య రాత్రి. లాతూర్ భూకంపం 1993 సెప్టెంబర్ 30. ఒడిశా సూపర్ సైక్లోన్ 1999 అక్టోబర్ 29. మన హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఇదే పిన్ని ఆ రోజు తలుపుకి బీరువా అడ్డం పెట్టి కూర్చుంది. "మరి 12 సంగతేంటి పిన్నీ?" అంటే, "నీతో వాదించలేనే తల్లీ" అని ఫోన్ పెట్టేసింది.

ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనే. మా డెస్కులో అయితే సర్టిఫికెట్ ప్రకారం నలుగురు జూన్ 1నే పుట్టారు. అందులో గ్రహాల పాత్ర ఏమీ లేదు, బడిలో చేర్చుకున్న మాస్టారి పాత్రే.

అపోహ: కొన్ని రోజులు ఖాళీ, చెప్పుకోదగ్గదేమీ జరగదు.

1930 ఏప్రిల్ 18 సాయంత్రం బీబీసీ రేడియోలో వార్తల టైముకి 'ఈరోజు వార్తలేమీ లేవు' అని చెప్పి పియానో వినిపించారు. ఈ ముచ్చట ప్రపంచమంతా తిరుగుతుంటుంది. అదే ఏప్రిల్ 18 రాత్రి చిట్టగాంగ్‌లో సూర్యసేన్ దళం ఆయుధాగారాల మీద దాడి చేసి, టెలిఫోన్, టెలిగ్రాఫ్ తీగలు తెంపేసింది. ఏటా ఏప్రిల్ 17 సాయంత్రం పేజీ వదిలేముందు ఈ రెండు ఐటెమ్‌లూ ఒకదాని కింద ఒకటి పెడతాను, చిట్టగాంగ్ పైన.