జవాబు రాలేదంటే ప్యాచ్ వద్దన్నట్టు కాదు

"నా ప్యాచ్ రిజెక్ట్ చేశారు, కారణం చెప్పగలరా?" అని నాకు మెయిల్స్ వస్తూనే ఉంటాయి. ప్యాచ్ అంటే కోడ్‌లో తప్పు దిద్దడానికో, ఏదైనా చేర్చడానికో పంపే మార్పు. వాలంటీర్లు కలిసి తయారుచేసే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో కొన్ని ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధం చేసిన ప్రోగ్రాములు) చూసుకుంటాను, కొత్తవాళ్లు తయారుచేసినవాటిని పరిశీలించి వాళ్ల తరఫున అప్‌లోడ్ చేసే స్పాన్సర్‌గా ఉంటాను కాబట్టి నన్నడుగుతారు. బగ్ నంబరు పట్టుకుని వెళ్లి చూస్తే రిజెక్ట్ చేసినవాళ్లెవరూ కనిపించరు. ప్యాచ్ ఉంటుంది, దాని కింద ఏమీ ఉండదు. ఆ ఖాళీని చూసి తమకు తామే తీర్పు చెప్పేసుకుని వెళ్లిపోతారు. మా ప్రాజెక్టుకు మంచి మనుషులను దూరం చేయడంలో ఈ ఒక్క అపోహను మించింది లేదని నా నమ్మకం. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: జవాబు రాలేదంటే వద్దన్నట్టే.

కానే కాదు. వద్దనుకున్న మెయింటైనర్ (ప్యాకేజీని చూసుకునే మనిషి) ఆ మాట రాస్తారు, లేదా బగ్‌కు వోంట్‌ఫిక్స్ (సరిచేయబోం) అనే ట్యాగ్ తగిలిస్తారు, లేదా మూసేస్తారు. ఇవేవీ జరగలేదంటే మీ ప్యాచ్ గురించి ఇంకా ఎవరూ ఏమీ తేల్చలేదని అర్థం.

ఎందుకు తేల్చలేదంటారా? 1998 నాటి డెబియన్ రాజ్యాంగం మొదట్లోనే ఒక నియమం ఉంది. ప్రాజెక్టు కోసం ఫలానా పని చేసి తీరాలని ఎవరి మీదా బాధ్యత పెట్టడానికి లేదు. ఇష్టం లేని పని ఊరికే వదిలేయొచ్చు, కానీ ప్రాజెక్టు నిర్ణయాలకు అడ్డం పడకూడదు. మీ మెయిల్ అందుకున్న మనిషికి డెబియన్ జీతం ఇవ్వదు, పైన మేనేజర్ ఉండరు. ఉద్యోగం మారి ఉండొచ్చు, ఇంట్లో పసిబిడ్డ ఉండొచ్చు. విడుదలకు ముందు కొత్త మార్పులు ఆపేసే ఫ్రీజ్ నడుస్తుంటే కొత్త ఫీచర్ ఎంత బాగున్నా ముట్టుకోరు. మీ ప్యాచ్ అసలు అప్‌స్ట్రీమ్‌కు, అంటే ఆ ప్రోగ్రాము రాసినవాళ్లకు, వెళ్లాల్సిందై ఉండి, ఆ ముక్క రాయడానికి కూడా తీరిక దొరక్కపోయి ఉండొచ్చు.

ఇది ఎవరినో వెనకేసుకొచ్చి చెబుతున్నది కాదు. ఒకసారి అలా జవాబివ్వనిది నేనే. నా ప్యాకేజీ ఒకదానికి ఒకావిడ మూడు లైన్ల ప్యాచ్ పంపారు. ఫైల్ పేరులో ఖాళీ ఉంటే ఇన్‌స్టాల్ తర్వాత నడిచే స్క్రిప్టు మధ్యలో ఆగిపోయేది. వేరియబుల్ చుట్టూ కోట్స్ లేకపోవడమే కారణం. ఆవిడ కోట్స్ పెట్టారు, అంతే. బగ్‌ను మళ్లీ ఎలా రప్పించాలో కూడా ఒక్కో కమాండ్ చొప్పున రాశారు. ఫోన్‌లో చదివి, ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను. ఆదివారం కూర్చుని అప్‌లోడ్ చేద్దామనుకున్నాను. ఆ వారంలోనే నాన్నగారికి ఆపరేషన్. మెయిల్ కిందికి జారిపోయింది. నాలుగు నెలల తర్వాత రెండో మెయిల్ వచ్చింది: "నా ప్యాచ్‌లో తప్పేముందో చెబితే నేర్చుకుంటాను. ఇబ్బంది పెట్టి ఉంటే క్షమించండి."

తప్పు లేదు. పరీక్షించి అప్‌లోడ్ చేయడానికి నాకు అరగంట కూడా పట్టలేదు. క్షమాపణ చెప్పి, అసలేం జరిగిందో రాశాను. అప్పుడు ఆవిడ చెప్పారు, తన దగ్గర ఇంకో రెండు ప్యాచ్‌లు సిద్ధంగా ఉన్నాయని, మొదటిదే పనికిరానప్పుడు ఇవెందుకని పంపలేదని. "చూశాను, నెల పడుతుంది" అని ఆ రోజే ఒక్క ముక్క రాసి ఉంటే ఆవిడ నాలుగు నెలలు అలా కుంగిపోయేవారు కాదు. ఇప్పుడు ఏ ప్యాచ్ వచ్చినా చదవడానికి ముందే ఆ ముక్క రాసి పంపుతున్నాను.

సరే, మీ ప్యాచ్ అలాగే పడి ఉంటే ఏం చేయాలి? ముందు బగ్ పేజీలో ప్యాచ్ అనే ట్యాగ్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీరే పెట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మూడు నాలుగు వారాలు ఆగి అదే బగ్‌కు రెండు వాక్యాలు రాయండి: ఇప్పటి వెర్షన్‌కు ప్యాచ్ అతుకుతోందా, మీరు దేని మీద పరీక్షించారు. గుర్తు చేయడం మర్యాదలేనితనం కాదు. చాలామంది మెయింటైనర్లు అలాంటి మెయిల్ చూసి ఊపిరి పీల్చుకుంటారు, ఎక్కడ మొదలుపెట్టాలో అది చెబుతుంది కాబట్టి.

అయినా ఉలుకూ పలుకూ లేకపోతే ఎన్ఎంయూ (నాన్-మెయింటైనర్ అప్‌లోడ్) ఉంది. ఆ ప్యాకేజీ మెయింటైనర్ కాని డెవలపర్ (డెబియన్‌లో అప్‌లోడ్ హక్కున్న సభ్యులు) ఆ మార్పును అప్‌లోడ్ చేయొచ్చు. మామూలు బగ్‌లకైతే పది రోజులు ఆలస్యంగా చేరే క్యూలో పెట్టడం మా ఆనవాయితీ, ఈలోగా మెయింటైనర్ వద్దంటే ఆపేయొచ్చు. మీరు డెవలపర్ కాకపోయినా ప్యాకేజీ సిద్ధం చేసి స్పాన్సర్‌ను అడగండి. ప్యాకేజీనే ఎవరూ పట్టించుకోవట్లేదని ఆధారాలుంటే దాన్ని చేతుల్లోకి తీసుకునే పద్ధతి కూడా రాసిపెట్టి ఉంది: ఉద్దేశం తెలుపుతూ బగ్ వేయాలి, కనీసం 21 రోజులు ఆగాలి, ఆ తర్వాత కూడా అప్‌లోడ్‌ను కనీసం వారం ఆలస్యపు క్యూలో ఉంచాలి. ఇన్ని దారులు ఎందుకు పెట్టుకున్నామంటే, మనుషులు మాయమవుతుంటారని మాకు మొదటినుంచీ తెలుసు.

గుర్తు చేయడానికీ మీద పడటానికీ తేడా మాత్రం ఉంది. ఫైళ్లను కుదించే ప్రోగ్రాము ఎక్స్‌జెడ్ సంగతి మరచిపోవద్దు. దాన్ని ఒంటిచేత్తో మోస్తూ అలసిపోయిన మెయింటైనర్‌ను 2022లో కొన్ని ఖాతాలు అందరిముందూ సతాయించాయి, ఇంకొకరికి అప్పగించమని. అప్పటికే ఓపిగ్గా ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించుకున్న మనిషికి అధికారం దక్కింది. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగచాటుగా చొరబడే దారి) చేరింది. ఇంకా తయారీలో ఉండే డెబియన్ అన్‌స్టేబుల్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) సుమారు అర సెకను నెమ్మదించిందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి ఆ మార్చిలో బయటపడింది, అందరూ వాడే విడుదల డెబియన్ స్టేబుల్‌కు చేరకముందే. అప్పటినుంచీ "ఇంకా ఎన్నాళ్లు?" అనే మెయిల్ వస్తే మా గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంటోంది. అలాంటిది రాయకండి. మీ పని గురించి రాయండి.

ఇక మిగతావి గబగబా.

"లీడర్‌కు రాస్తే పనైపోతుంది." అవదు. ప్రాజెక్ట్ లీడర్‌ను ఏటా ఎన్నుకుంటాం, కానీ ఫలానా ప్యాచ్ తీసుకో అని లీడర్ ఎవరినీ ఆజ్ఞాపించలేరు. మెయింటైనర్ నిర్ణయాన్ని కొట్టేయాలంటే సాంకేతిక కమిటీలో వద్దన్న ఒక్కో ఓటుకు కావాలన్నవి మూడు చొప్పున మెజారిటీ కావాలి, లేదా డెవలపర్లందరూ పాల్గొనే ఓటింగ్‌లో నెగ్గాలి. కమిటీకి వెళ్లడం అంత తేలికా కాదు. 2014లో ఇనిట్ సిస్టమ్ (కంప్యూటర్ ఆన్ కాగానే మిగతావాటిని మొదలుపెట్టే ప్రోగ్రాము) ఏది ఉండాలన్న గొడవ తేల్చడానికి కూర్చుంటే ఓట్లు సమానంగా చీలి ఛైర్మన్ కాస్టింగ్ ఓటు దాకా వెళ్లింది. ఆ నెలల టెన్షన్‌లో తెగిపోయిన స్నేహాలు నాకు తెలుసు.

"నియమాలు మారవు." మారతాయి, బహిరంగంగా ఓటు వేసి. 2022లో సామాజిక ఒప్పందాన్నే, అంటే డెబియన్ మూల హామీల పత్రాన్నే, సవరించుకున్నాం. అందుకే 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ (వైఫై లాంటి పరికరాలు నడవడానికి కావాల్సిన, స్వేచ్ఛా లైసెన్స్ లేని కోడ్) కూడా ఉంది. వైఫై పనిచేయక వెనుదిరిగిన వాళ్ల గోడు ఇన్నేళ్లూ విన్నవాడిగా ఆ ఫలితం చూసి నాకు నిజంగా సంతోషమేసింది.

"ప్యాచ్ పంపితే కాపీరైట్ పోతుంది." డెబియన్ మీ కాపీరైట్ రాసివ్వమని అడగదు. లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ప్రాజెక్టు 2004 నుంచి ప్యాచ్‌తో పాటు మీ పేరుతో సైన్డ్-ఆఫ్-బై లైను అడుగుతోంది. ఇది పంపే హక్కు నాకుందని మీరిచ్చే హామీ, అంతే. ఏఐ రాసిన కోడ్ విషయంలో ఒక్కో ప్రాజెక్టుది ఒక్కో దారి. జెంటూ అనే ఇంకో లైనక్స్ ప్రాజెక్టు 2024 ఏప్రిల్‌లోనే వద్దంది. పంపేముందు ఆ ప్రాజెక్టు నియమాల పేజీ చదవండి.

"కోడ్ రాకపోతే చోటు లేదు." అనువాదాలు, డాక్యుమెంటేషన్ లాంటి పనులు చేసేవాళ్లకు అప్‌లోడ్ హక్కు లేకుండానే పూర్తి సభ్యత్వం, ఓటు ఇవ్వాలని 2010లోనే తీర్మానించుకున్నాం.

"ముందు మెంబర్ అవ్వాలి." తలకిందులుగా చెబుతున్నారు. బగ్ వేయడానికీ ప్యాచ్ పంపడానికీ ఖాతా కూడా తెరవక్కర్లేదు, మెయిల్ ఉంటే చాలు. పని ముందు, సభ్యత్వం ఆ తర్వాత. పని చూసినవాళ్లే అడ్వకేట్‌లుగా మీ తరఫున రాస్తారు. కోట్స్ ప్యాచ్ పంపినావిడ ఆ మిగతా రెండూ కూడా పంపారు, తర్వాత ఇంకొన్ని. కిందటి నెల ఆవిడ దరఖాస్తుకు అడ్వకేట్‌గా రాసి సంతకం చేశాను.