ఊపిరి పోసే శిక్షణ: ఏమేం మారింది, ఏం మారలేదు

పుట్టిన వందమంది పిల్లల్లో సుమారు 85 మంది తమంతట తామే ఊపిరి అందుకుంటారు. ఇంకో పదిమందికి పొడిగుడ్డతో ఒళ్లు తుడిచి, వీపు నిమిరితే చాలు. మిగిలిన ఐదుగురికి చేత్తో నొక్కి గాలి అందించే బ్యాగ్, ముఖానికి ఆనించే మాస్క్ కావాలి. గుండె నొక్కడం, మందు ఎక్కించడం దాకా వెళ్లేది చాలా అరుదు. ఆ ఐదుగురు ఎవరన్నది కాన్పుకు ముందు ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ పని డాక్టరుకొక్కడికే తెలిస్తే సరిపోదు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో అయితే పిలిస్తే పిల్లల డాక్టరు వస్తాడు. మన్యంలో పాడేరు అవతల పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సే అన్నీ. విశాఖ అక్కడికి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ, అందులో ఘాట్ రోడ్డొకటి. బిడ్డకున్నది ఒక్క నిమిషం.

నవజాత శిశువులకు ఊపిరందించే పద్ధతిని కోర్సుగా మలిచింది అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, హార్ట్ అసోసియేషన్, అది 1987. మన దగ్గర నవజాత శిశు వైద్యుల సంఘం నేషనల్ నియోనటాలజీ ఫోరం దాన్ని 1990లో అందుకుంది. మొదట్లో అది ఎక్కువగా టీచింగ్ ఆసుపత్రుల చదువు. 2005లో ఆసుపత్రిలో కాన్పయితే డబ్బిచ్చే జననీ సురక్షా యోజన వచ్చింది, అదే ఏడాది ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సు మొదలైంది. కాన్పులు ఇంటి నుంచి ఆసుపత్రికి కదిలాయి. తీరా చూస్తే, చాలాచోట్ల లేబర్ రూమ్‌లో బిడ్డకు ఊపిరందించడం వచ్చినవాళ్లు లేరు. 2009లో కేంద్రం నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో రెండు రోజుల శిక్షణ పెట్టింది ఈ లోటు పూడ్చడానికే. ఆ తర్వాత, 2011 మార్గదర్శకాలతో, కాన్పు జరిగే ప్రతిచోటా బిడ్డను వెచ్చగా ఉంచే రేడియంట్ వార్మర్, బ్యాగ్, నోరూ ముక్కూ శుభ్రం చేసే సక్షన్‌తో ఒక మూల ఉండాలన్నారు. జిల్లా స్థాయిలో జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డులు, అంటే ఎస్‌ఎన్‌సీయూలు.

ఈలోగా పాఠమే మారిపోయింది. పుట్టిన బిడ్డకు వంద శాతం ఆక్సిజన్ పెట్టాలని నేర్పిన రోజులున్నాయి. మామూలు గాలి సరిపోతుందేమోనని మొదట పరీక్షించి చూసినవాళ్లలో ఢిల్లీ డాక్టర్ సిద్ధార్థ్ రాంజీ బృందం ఉంది. ఆ పని 1993లో అచ్చయింది. 2010 అంతర్జాతీయ మార్గదర్శకాల నుంచి నెలలు నిండిన బిడ్డకు గాలితోనే మొదలుపెడుతున్నారు. సిలిండర్ ఖాళీ అయిందని చేతులు ముడుచుకోనక్కర్లేదని దీని అర్థం. ఉమ్మనీరు పచ్చగా ఉండి, బిడ్డ చలనం లేకుండా ఉంటే గొంతులోకి ట్యూబు వేసి పీల్చేయాలన్న నియమమూ 2015లో పోయింది. ట్యూబు కోసం తడుముకునే లోపు ఊపిరి ఆలస్యమవుతోంది కదా!

అసలు కిటుకంతా బ్యాగ్ దగ్గరే. నిమిషానికి 40 నుంచి 60 సార్లు, ‘నొక్కు-రెండు-మూడు’ అని లెక్కపెడుతూ నొక్కాలి. నెలలు నిండిన బిడ్డకు 1వ నంబరు మాస్కు, తక్కువ నెలల బిడ్డకు 0. ఛాతీ లేవకపోతే మాస్కు సరిచేయాలి, తల మళ్లీ సర్దాలి, ముందు నోరు తర్వాత ముక్కు పీల్చాలి, నోరు కాస్త తెరవాలి, అప్పటికీ లేవకపోతే కొంచెం ఎక్కువగా నొక్కాలి. చాలాసార్లు తప్పు మెడ దగ్గరుంటుందని మా అంచనా: బాగా వెనక్కి విరిచినా, గడ్డం ఛాతీకి ఆనినా దారి మూసుకుపోతుంది. భుజాల కింద చిన్న గుడ్డ మడత పెడితే చాలు.

బిడ్డ దగ్గర కాకుండా బ్యాగ్‌లోనే జరిగే తప్పు ఇంకోటుంది. బ్యాగ్‌ను విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించేటప్పుడు చేప నోరులాంటి ఆ చిన్న రబ్బరు వాల్వు తిరగబడుతుంది, లేదా ట్రేలోనే ఉండిపోతుంది. చూడ్డానికి బ్యాగ్ బాగానే ఉంటుంది, గాలి మాత్రం బిడ్డకు చేరదు. డ్యూటీ ఎక్కగానే మూతి దగ్గర అరచేయి అడ్డం పెట్టి నొక్కండి: చేతికి ఒత్తిడి తగలాలి, పైనున్న రక్షణ వాల్వు బుస్సుమనాలి. పది సెకన్ల పని. ఎందుకో శిక్షణలో దీన్ని చివర్లో, భోజనాల వేళకు చెబుతారు.

శిక్షణ ఇచ్చాక కొన్ని నెలల్లోనే చేతి నైపుణ్యం తగ్గుతుంది. ఇది అన్ని దేశాల్లో చూసినదే. సర్టిఫికెట్టు మాత్రం ఫైల్లో భద్రం. నేర్చుకున్న నర్సు బదిలీ అయితే ఆ లేబర్ రూమ్‌లో మళ్లీ మొదటికే. శిక్షణకు వాడే బిడ్డ బొమ్మ బీరువాలో కాకుండా వార్మర్ పక్కన ఉండి, వారానికోసారి పది నిమిషాలు నొక్కి చూసుకుంటే రెండు రోజుల క్లాసుకన్నా ఎక్కువ ఫలితం.

కాస్త పెద్ద పిల్లల లెక్క వేరు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఛాతీ మీద మూడు నొక్కులకు ఒక ఊపిరి. ఆ తర్వాతి వయసు వాళ్లకు, చేసేవాళ్లు ఇద్దరుంటే 15 నొక్కులకు 2 ఊపిర్లు, ఒక్కరే ఉంటే 30కి 2. గుండె మళ్లీ కొట్టుకునేందుకు ఎక్కించే అడ్రినలిన్ దగ్గర పొరపాటు ఖరీదైనది. మన ఆంప్యూల్ (మందు గాజుబుడ్డి) ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. 9 మిల్లీలీటర్ల సెలైన్ కలిపాకే కిలోకు 0.1 మిల్లీలీటరు చొప్పున ఇవ్వాలి. కలపకుండా ఇస్తే డోసు పది రెట్లు.

ఏడాదిలోపు పిల్లలకు రెండు వేళ్లతో ఛాతీ నొక్కే పద్ధతిని 2025 అమెరికా మార్గదర్శకాలు పక్కనపెట్టాయి. ఇప్పుడు రెండు చేతులతో ఛాతీని చుట్టి బొటనవేళ్లతో, లేదంటే ఒక అరచేతిలో మణికట్టు వైపు భాగంతో నొక్కాలి. గోడ మీది పాత చార్టులో ఇంకా రెండు వేళ్ల బొమ్మే ఉంటే, వచ్చే బ్యాచ్ క్లాసు మొదలయ్యేలోపు దాన్ని మార్చండి.