మూత ఒకచోట, గిన్నె ఒకచోట

చిన్నీ, బన్నీ,

మొన్న ఫోన్లో చిన్ని అడిగింది కదా, తాతయ్యా, చచ్చిపోయిన పక్షి చర్మం కోసం దేశాలన్నీ వెతకడం ఎందుకూ అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా.

గ్రేట్ ఆక్ అని ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఒక పక్షి ఉండేది, నల్ల వీపు, తెల్ల పొట్ట, దాదాపు 5 కిలోలు, ఎగరలేదు, ఏడాదికి ఒక్కటే గుడ్డు. మాంసానికి, ఈకలకి, నూనెకి జనం చంపుకుంటూ పోయారు. ఇంక కొన్నే మిగిలాయని తెలిశాకైనా ఆగారా, మాకో చర్మం కావాలి మాకో చర్మం కావాలి అని సేకరించేవాళ్ళు డబ్బులు పోశారు, నాకు అదే ఎక్కువ బాధ. 1844 జూన్‌లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డే అనే రాతి దీవి మీద, లెక్కకి అందిన ఆఖరి జంటని పట్టి చంపేశారు. వాటి గుండెలు, కళ్ళు కోపెన్‌హాగెన్ మ్యూజియంలో ఇప్పటికీ సీసాల్లో ఉన్నాయి. చర్మాలు మాత్రం చేతులు మారి ఎటో పోయాయి. ప్రపంచం మొత్తమ్మీద ఓ 80 దాకా చర్మాలున్నాయి, అందులో ఆ రెండూ ఏవో ఎట్లా తెలియాలి?

మా చిన్నప్పుడు కొత్త గిన్నె కొంటే కొట్టులోనే పేరు కొట్టించేవాళ్ళు, చిన్న సుత్తితో టకటకా చుక్కలు చుక్కలుగా. పెళ్ళొస్తే ఊళ్ళో అందరి సామానూ ఒకచోట చేరేది మరి. ఒకసారి మా నాయనమ్మ ఇత్తడి గిన్నె రాలేదు, మూత ఒక్కటే వచ్చింది. ఆ మూత చంకలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగింది, గిన్నెలు తిరగేసి చూడ్డం నా పని. ఏడో ఇంట్లో ఒకటి మసిపట్టి ఉంటే చింతపండు పెట్టి తోమింది, పేరు బయటపడింది!

డీఎన్‌ఏ అంటే అదేనర్రా, ఒంట్లో అణువణువునా కొట్టించిన పేరు. లోపల గుండెలో ఏ పేరుందో బయట చర్మంలోనూ అదే. 2017లో పరిశోధకులు అయిదు చర్మాలు ఎంచుకుని, బ్రస్సెల్స్, బ్రెమెన్, కీల్, ఓల్డెన్‌బర్గ్, లాస్ ఏంజెలిస్‌లలోవి, అరిగిపోయిన ఆ పేరు ముక్కలు ముక్కలుగా చదివి, సీసాల్లో ఉన్నవాటి పేరుతో పోల్చి చూశారు. బ్రస్సెల్స్‌లోది ఆ జంటలోని మగపక్షిదని తేలింది, నూట డెబ్భై ఏళ్ళ తర్వాత! ఆడదాని మూతకి మాత్రం ఆ అయిదింటిలో ఏదీ సరిపోలేదు. అది చదివి నేను కాసేపు అట్లా కూర్చుండిపోయా.

సంక్రాంతికి వస్తారుగా, నాయనమ్మ గిన్నె అటక మీంచి దింపి ఉంచుతా. పేరు సగం అరిగిపోయింది, కళ్ళకి ఆనదు, వేలితో తడిమి చదవండి.

మీ తాతయ్య