లివర్ జబ్బులో నిద్ర: మెలటోనిన్ చేసేదేంటి, చేయలేనిదేంటి

రాత్రంతా కన్ను మూతపడదు, పగలేమో కూర్చున్నచోటే కునికిపాట్లు. లివర్ సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలుకట్టి గట్టిపడే జబ్బు, ఉన్నవాళ్లలో చాలామందికి ఉండే బాధ ఇది. టెన్షన్ వల్లనో, వయసు మీదపడటం వల్లనో అనుకుని సరిపెట్టుకుంటారు. ఈ తారుమారుకు లివర్‌లోనే కారణాలున్నాయని చాలామందికి తెలియదు. ఆ తర్వాత ఎవరో చెప్పారని మెలటోనిన్ మాత్రలు మొదలుపెడతారు. ఆ మాత్ర ఏం చేస్తుందో తెలుసుకుని వేసుకుంటే మంచిది.

మెలటోనిన్‌ను 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఏరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు పశువుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేశాడు. ఆయన వెతికింది చర్మం రంగును మార్చే పదార్థం కోసం. నిద్రవేళలతో దానికున్న సంబంధం తర్వాత తేలింది. మెదడు నడిమధ్యన ఉండే ఈ చిన్న గ్రంథి చీకటి పడ్డాక మెలటోనిన్‌ను రక్తంలోకి వదులుతుంది, కంట్లో వెలుతురు పడితే ఆపేస్తుంది. నిద్రమాత్రలా మనిషిని మత్తులో ముంచే గుణం దీనికి పెద్దగా లేదు. రాత్రయిందని ఒంటికంతా కబురు చేయడమే దీని పని.

ఆ కబురు సాయంత్రం రావడం ఎంత అవసరమో, తెల్లారేసరికి చెరిగిపోవడం కూడా అంతే అవసరం. చెరిపేది లివరే. సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్ మెలటోనిన్‌ను విరగ్గొడుతుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో ఉన్న మెలటోనిన్ దాదాపు ముప్పావుగంటలో సగానికి తగ్గిపోతుంది. లివర్ మచ్చలుకట్టి గట్టిపడితే ఈ పని నెమ్మదిస్తుంది. 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో సిర్రోసిస్ రోగుల రక్తాన్ని పగలూ రాత్రీ వరసగా తీసి చూశారు. పగటిపూట కూడా మెలటోనిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది. రాత్రి గరిష్ఠానికి చేరడం కూడా ఆలస్యమైంది. ఇంత ఆలస్యం లివర్ నెమ్మదించినందువల్లే అని చెప్పలేం, మెదడులోని గడియారమే వెనక్కి జరిగిందన్న అనుమానం వస్తుంది.

అంటే ఈ రోగులకు మెలటోనిన్ తక్కువై నిద్ర పట్టడం లేదనుకోవడం పొరపాటు. ఉన్నది వేళ తప్పి ఉంది. మరి బయటి నుంచి ఇంకొంచెం ఇవ్వడమెందుకు? సరైన వేళకు ఒక స్పష్టమైన మోతాదు అందితే గడియారం మళ్లీ దారిలో పడుతుందన్నది ఆశ. శ్రీలంక వైద్యులు తొలిదశ సిర్రోసిస్ రోగులకు రోజుకు 3 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు మెలటోనిన్, మరో రెండు వారాలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చారు. మెలటోనిన్ వాడినప్పుడు రాత్రి నిద్ర మెరుగైంది, పగటి మగత తగ్గింది. 2020లో వచ్చిన ఈ ఫలితం నాకు నిజంగా ఊరటనిచ్చింది. ఎందుకంటే మామూలు నిద్రమాత్రలు, ముఖ్యంగా డయాజెపామ్ జాతివి, దెబ్బతిన్న లివర్ ఉన్నవాళ్లను ఏకంగా స్పృహ తప్పే స్థితిలోకి నెట్టగలవు. అయితే అది చిన్న అధ్యయనం, రెండేసి వారాల వాడకం. జబ్బు ముదిరినవాళ్లకు అదే ఫలితం వస్తుందని దాన్నిబట్టి చెప్పలేం.

ఇక తెలివి సంగతి. లివర్ దెబ్బతింటే తెలివి కూడా మందగించొచ్చు. పేగుల్లో పుట్టే అమ్మోనియాను లివర్ యూరియాగా మార్చేస్తుంది. మార్చలేనప్పుడు అది మెదడుకు చేరి, అక్కడ నాడీకణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలను ఉబ్బిస్తుంది. మొదట్లో పైకేమీ కనబడదు, మనిషి మామూలుగానే మాట్లాడతాడు. అలాంటప్పుడు డాక్టర్లు ఒక కాగితం ఇస్తారు. దానిమీద 1 నుంచి 25 దాకా అంకెలు చెల్లాచెదురుగా ఉంటాయి, వాటిని వరసగా గీతతో కలపాలి. పెన్సిల్ 11 దగ్గర ఆగిపోతుంది, 12 ఎదురుగానే ఉన్నా కన్ను దాన్ని పట్టుకోదు. ఇంకో పరీక్ష మరీ తేలిక: ఒక్క నిమిషంలో గుర్తొచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పాలి. పది కూడా దాటకపోతే ఆలోచించాల్సిందే.

నిద్ర బాగుపడితే ఈ మందగింపు కూడా పోతుందని అనిపించడం సహజం. కానీ 2009లో వచ్చిన ఒక పరిశోధనలో రాత్రి నిద్రలేమికీ, ఇలాంటి పరీక్షల్లో వెనకబడటానికీ సంబంధం కనబడలేదు. అమ్మోనియా మందగింపుతో ఎక్కువగా జతకట్టేది పగటి మగతే. ఇంట్లోవాళ్లు గమనించాల్సింది కూడా అదే. మెలటోనిన్ అమ్మోనియాను తగ్గించదు. ఆ పనికి లాక్టులోజ్, రిఫాక్సిమిన్ అనే మందులు ఉన్నాయి. మలబద్ధకం, ఇన్ఫెక్షన్, కడుపులో రక్తస్రావం లాంటి, ఈ మందగింపును రెచ్చగొట్టే కారణాలను వెతికి వైద్యం చేయాలి.

కాఫీలోని కెఫీన్‌ను విరగ్గొట్టేది కూడా ఆ సీవైపీ1ఏ2 ఎంజైమే. కాబట్టి సిర్రోసిస్ రోగి సాయంత్రం తాగిన కాఫీ అర్ధరాత్రి దాటినా ఒంట్లోనే ఉంటుంది. ఫ్లూవోక్సమిన్, సిప్రోఫ్లోక్సాసిన్ మందులు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి, వాటితోపాటు వేసుకున్న మెలటోనిన్ మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. అందుకే మాత్ర మొదలుపెట్టే ముందు వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చూపించాలి. ఇక పగలు పిలిచినా సరిగా పలకకుండా మగతగా ఉండటం, చేతులు చాచి పట్టుకుంటే మణికట్టు దగ్గర పక్షి రెక్కల్లా టపటపలాడటం కనిపిస్తే, మెలటోనిన్‌తో రెండు రోజులు చూద్దామనుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.