63వ సెక్టార్: పాత డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీ దాకా వెంటవచ్చే లెక్క

విండోస్ ఎక్స్‌పీ కాలంలో విభజించిన హార్డ్ డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేస్తే, పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) అక్కడ కూడా 63వ సెక్టార్ (డిస్క్ చదివే, రాసే చిన్న ముక్క) దగ్గరే మొదలవుతుంది. ఎస్‌ఎస్‌డీకి ఆ అంకెతో ఏ సంబంధమూ లేదు. అది 1980ల నాటి బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే మూల ప్రోగ్రామ్) నుంచి వచ్చింది.

అప్పట్లో డిస్క్‌పై చోటును సిలిండర్, హెడ్, సెక్టార్ అనే మూడు అంకెలతో గుర్తించేవారు. బయోస్‌లో సెక్టార్‌కు దక్కినవి 6 బిట్లే. లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి ట్రాక్‌కు (డిస్క్ మీది ఒక్కో వలయానికి) 63 సెక్టార్లకు మించి చెప్పే వీల్లేదు. 1983 నాటి ఐబీఎం పీసీ ఎక్స్‌టీ డిస్క్‌లో ట్రాక్‌కు నిజంగా ఉన్నవి 17 మాత్రమే. తర్వాతి డాస్ వెర్షన్లు మాస్టర్ బూట్ రికార్డు (ఎంబీఆర్, డిస్క్ మొదట్లో ఉండే బూట్ సమాచారం) ఉన్న మొదటి ట్రాక్‌ను పూర్తిగా వదిలేసి, రెండో ట్రాక్ నుంచి పార్టిషన్ మొదలుపెట్టాయి. డిస్కులు పెద్దవయ్యాక బయటి ట్రాకుల్లో ఎక్కువ, లోపలి ట్రాకుల్లో తక్కువ సెక్టార్లు పట్టేవి. అయినా బయోస్‌కు మాత్రం 255 హెడ్లు, 63 సెక్టార్లు అనే చెప్పేవారు. ఆ లెక్క కాగితం మీదిదే, కానీ పార్టిషన్ టూల్స్ అన్నీ దాన్నే నమ్మాయి. డిస్క్ మొత్తానికి సెక్టార్ల వరుస సంఖ్య సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, మొదటి ట్రాక్‌లోని 63 వదిలేస్తే పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది.

సెక్టార్ 512 బైట్లు ఉన్నన్నాళ్లూ నష్టం లేదు. 63ని 512తో గుణిస్తే 32,256 బైట్లు. దాన్ని 4,096తో భాగిస్తే 7.875. అసలు తకరారు ఆ భిన్నంలోనే ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) క్లస్టర్, అంటే ఫైలుకు ఇచ్చే కనీస చోటు, మామూలుగా 4 కేబీ, ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్ లెక్క పెట్టుకునేదీ చాలావరకు 4 కేబీ ముక్కల్లోనే. పార్టిషన్ 63 దగ్గర మొదలైతే ప్రతి క్లస్టర్‌లో ఒక సెక్టార్ ఒక ముక్క చివర, మిగతా ఏడు పక్క ముక్కలో పడతాయి. ఎస్‌ఎస్‌డీలోని నాండ్ ఫ్లాష్ మెమరీలో రాసిన పేజీ మీదే మళ్లీ రాయడం కుదరదు. అందుకే 4 కేబీ రాయాలన్నా కంట్రోలర్ రెండు ముక్కలూ చదివి, మార్చి, రెండింటినీ కొత్తచోట రాస్తుంది. వేగం తగ్గడంతో పాటు ఫ్లాష్ అరుగుదలా పెరుగుతుంది. పెద్ద ఫైలు వరుసగా కాపీ చేసేటప్పుడు ఈ తేడా రెండు కొసల్లోనే కాబట్టి దాదాపు కనబడదు. ఆ ఒక్క పరీక్షతో అంతా బాగుందని తేల్చేయడం తప్పు. చిన్న చిన్న రాతలతో పరీక్షించాలి.

రెయిడ్ (పలు డిస్కులను ఒకటిగా కలిపి వాడే పద్ధతి) సర్వర్లు నడిపేవారికి ఈ బాధ ముందే తెలుసు. విండోస్ విస్టా 2007లో 2048వ సెక్టార్‌కు, అంటే సరిగ్గా 1 ఎంబీకి మారింది. లినక్స్ టూల్స్ 2010 ప్రాంతంలో అదే దారి పట్టాయి. 4 కేబీ సెక్టార్ల తొలి హార్డ్ డిస్కులు కొన్నింటికి వెస్టర్న్ డిజిటల్ ఒక జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) పెట్టింది. 7, 8 పిన్నులు కలిపితే ఎక్స్‌పీ అడిగిన 63ను డిస్క్ 64గా తీసుకునేది. మంచి ఉపాయమే, కానీ డిస్క్‌లో ఒకే పార్టిషన్ ఉంటేనే పనికొచ్చేది.

మీ డిస్క్ సంగతి తెలియాలంటే విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 తెరిచి కాంపోనెంట్స్, స్టోరేజ్, డిస్క్స్‌లో పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ చూడండి. 1,048,576 ఉంటే సరే. 32,256 ఉంటే సర్దాలి. లినక్స్‌లో ఎఫ్‌డిస్క్ చూపే స్టార్ట్ అంకె 8తో నిశ్శేషంగా భాగింపబడాలి, 2048తో అయితే ఇంకా మంచిది.

సర్దడానికి మేలైన దారి మొత్తం డిస్క్‌ను క్లోన్ చేయకపోవడమే. ఖాళీ ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ కమాండ్ అయిన డిస్క్‌పార్ట్‌లో ‘క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ అలైన్=1024’ ఇచ్చి, పాత పార్టిషన్ ఇమేజ్‌ను అందులోకి దించాలి. ఇప్పటికే క్లోన్ అయిపోయి ఉంటే పార్టిషన్లు సర్దే ప్రోగ్రామ్ అయిన జీపార్టెడ్‌లో ‘అలైన్ టు’ దగ్గర ఎంఐబీ ఎంచుకుని, ముందు 1 ఎంఐబీ ఖాళీ వదిలి జరపాలి. డేటా మొత్తం కదులుతుంది. మధ్యలో కరెంటు పోతే పార్టిషన్ పాడవుతుంది, కాబట్టి బ్యాకప్ లేకుండా మొదలుపెట్టవద్దు.

ఏ దారిలో చేసినా విండోస్ బూట్ కాకపోవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ బూట్ సెక్టార్‌లోనూ, పాత ఎంబీఆర్ పద్ధతి బూట్ వివరాల్లోనూ పార్టిషన్ మొదలయ్యే చోటు రాసి ఉంటుంది, అది ఇప్పుడు మారింది. విస్టా, ఆ తర్వాతి విండోస్ అయితే ఇన్‌స్టాల్ డిస్క్‌తో రిపేర్‌లోకి వెళ్లి బూట్‌రెక్, బీసీడీబూట్ కమాండ్లు నడిపితే చాలావరకు సరవుతుంది. ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల లాజికల్ పార్టిషన్లను పెట్టుకునేది) ఉంటే ఇంకొక పని మిగిలినట్టే. పాత టూల్స్ ప్రతి లాజికల్ పార్టిషన్ ముందూ 63 సెక్టార్లు వదిలేవి కాబట్టి సీ డ్రైవ్ సరిపోయినా డీ, ఈ డ్రైవ్‌ల అంకెలు విడివిడిగా చూడాలి.