కూతుళ్ల వైపు కొమ్మలు

చిరంజీవులకు ఆశీస్సులు.

మన ఇళ్లలో వంశవృక్షం గీసేవాళ్లు తాత, తండ్రి, కొడుకు, మనవడు అని రాసుకుంటూ పోతారు. కూతురి దగ్గరికి వచ్చేసరికి ఒక చిన్న గీత గీసి, ఫలానా ఇంటికి ఇచ్చారని రాసి వదిలేస్తారు. న్యూయార్క్‌లోని కూపర్ కుటుంబాన్ని అలాగే గీస్తే కాగితం తొందరగా ఖాళీ అవుతుంది. వాళ్ల కథలో ఎక్కువ భాగం ఆ చిన్న గీతకు అవతలే జరిగింది. అందుకే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూలపురుషుడు పీటర్ కూపర్ 1791లో న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి జాన్ టోపీలు తయారుచేసేవారు. ఆ పని వదిలి ఇంకో వ్యాపారం, అదీ వదిలి మరొకటి పట్టుకున్నారు గానీ ఏదీ నిలదొక్కుకోలేదు. తల్లి మార్గరెట్ తండ్రి క్యాంప్‌బెల్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సైన్యానికి సరఫరాలు చూసిన అధికారి. పీటర్ బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది కావు. టోపీల కోసం కుందేలు చర్మాల మీది వెంట్రుకలు పీకుతూ పెరిగారు. పదిహేడేళ్లకు గుర్రపు బగ్గీలు చేసే ఆసామి దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు.

1813లో సారా బెడెల్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇంటి పనుల మధ్య బిడ్డను ఊపుతూ కూర్చునే తీరిక ఆమెకు లేదని, దానంతట అదే ఊగే ఊయల తయారుచేశారు. ఈగలు తోలే ఏర్పాటు, పాట వినిపించే చిన్న యంత్రం కూడా దానికే తగిలించారు. 1815లో పేటెంటు కూడా వచ్చింది. (నాకు పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇలాంటిది ఒకటి ఉంటే ఎంత బాగుండేదో!) అయితే ఆ దంపతులకు పుట్టిన ఆరుగురిలో నలుగురు పసితనంలోనే పోయారు. మిగిలినవాళ్లు కొడుకు ఎడ్వర్డ్, కూతురు సారా అమీలియా. వృక్షమంతా ఈ ఇద్దరి నుంచే సాగింది.

సంపద ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు కదా, జిగురు నుంచి. పశువుల గిట్టలు, ఎముకలు, తోలు ముక్కలు ఉడికించి తీసే జిగురు. వాసనకు జనం ముక్కు మూసుకునే పనిలో ఆయన లక్షలు గడించారు. తర్వాత ఇనుములోకి దిగారు. 1830లో బాల్టిమోర్ రైలు కంపెనీ కోసం ‘టామ్ థంబ్’ అనే చిన్న ఆవిరి ఇంజను కట్టారు. బాయిలరులోకి సరైన గొట్టాలు దొరక్క తుపాకీ గొట్టాలు బిగించారు. గుర్రంతో పందెం పెడితే మధ్యలో బెల్టు జారిపోయి ఇంజను ఓడిపోయింది. అయినా ఆ కంపెనీ చివరికి గుర్రాలను వదిలి ఆవిరినే నమ్ముకుంది. అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసే ప్రయత్నం వెనుక కూడా ఆయన డబ్బు, ఓపిక ఉన్నాయి.

ఇక కూతురి వైపుకు వద్దాం. కొడుకు ఎడ్వర్డ్‌కు చదువు చెప్పడానికి వచ్చిన కుర్రాడు ఏబ్రమ్ హెవిట్. ఇద్దరూ స్నేహితులయ్యారు, కలిసి యూరప్ వెళ్లారు. 1844లో తిరిగివస్తుంటే ఓడ మునిగింది. ప్రాణాలతో బయటపడ్డ ఆ ఇద్దరూ తర్వాత ఇనుము వ్యాపారంలో భాగస్వాములయ్యారు. 1855లో హెవిట్ సారా అమీలియాను పెళ్లాడి ఎడ్వర్డ్‌కు బావ కూడా అయ్యారు. కొత్త దంపతులు కాపురం పెట్టింది లెక్సింగ్టన్ అవెన్యూలో, పీటర్ ఇంట్లోనే. మన లెక్కలో ఇల్లరికమే! ఈ బావాబావమరుదులు ఇద్దరూ వేర్వేరు కాలాల్లో న్యూయార్క్ మేయర్లయ్యారు. ఎడ్వర్డ్ 1879, 1880ల్లో, హెవిట్ 1887, 1888ల్లో ఆ పదవిలో ఉన్నారు. హెవిట్ ఎన్నికలో ఓడించినవాళ్లలో తర్వాత దేశాధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ ఒకరు. ఆ నగరపు భూగర్భ రైలుకు తొలి ప్రణాళిక ప్రతిపాదించిన మేయరు కూడా హెవిట్ గారే.

దానం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తనకు దొరకని చదువు పనివాళ్ల పిల్లలకు దొరకాలని పీటర్ 1859లో ‘కూపర్ యూనియన్’ తెరిచారు. ఫీజు లేదు. పగలు పనిచేసుకునేవాళ్ల కోసం రాత్రి తరగతులు, ఆడపిల్లలకు చిత్రకళ, డిజైను నేర్పే విభాగం, ఎవరైనా వచ్చి చదువుకోగల పఠనాలయం పెట్టారు. భవనం కట్టేనాటికి మనుషులు ఎక్కే లిఫ్టు ఇంకా వాడుకలోకి రాలేదు. ఎప్పటికైనా వస్తుందని నమ్మి ఆయన గోడల మధ్య గుండ్రటి నిలువు దారి ఒకటి ముందే వదిలిపెట్టించారు. అక్కడి హాలులోనే 1860 ఫిబ్రవరి 27న లింకన్ చేసిన ప్రసంగం ఆయన్ను దేశమంతటికీ పరిచయం చేసింది.

దానగుణం రక్తంలో వస్తుందనే మాట నేను నమ్మను. పీటర్ చేసిన తెలివైన పని ఆ భవనాన్ని ధర్మకర్తల పేరిట రాసేయడం. కొడుకు, అల్లుడు అందులో ధర్మకర్తలుగా పనిచేశారే తప్ప యజమానులు కాలేదు. అల్లుడైతే నలభై ఏళ్లకు పైగా దాని వ్యవహారాలు చూశారు. మాన్‌హట్టన్‌లో క్రైస్లర్ భవనం నిలబడ్డ స్థలం కూడా 1902లో కుటుంబం ఆ సంస్థకే ఇచ్చింది. దాని మీద వచ్చే ఆదాయం ఇప్పటికీ అక్కడికే చేరుతుంది. అంత ఉన్నా ఖర్చులు తట్టుకోలేక 2014లో చేరినవాళ్ల నుంచి ఫీజు వసూలు మొదలుపెట్టారు. విద్యార్థులు గట్టిగా ఎదురు తిరిగారు, వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. మళ్లీ అందరికీ ఉచితం చేయాలన్న ప్రయత్నం ఇంకా సాగుతోంది.

హెవిట్ దంపతులకు ఆరుగురు పిల్లలు. వాళ్లలో సారా, ఎలనార్ అనే అక్కచెల్లెళ్లు పెళ్లి చేసుకోలేదు. మామూలు వంశవృక్షంలో వాళ్ల పేర్ల కింద ఏమీ ఉండదు. కానీ 1897లో తాతగారి కూపర్ యూనియన్‌లోనే అలంకరణ కళల మ్యూజియం తెరిచింది వాళ్లే. బట్టలు, గోడ కాగితాలు, లేసులు, పాత డ్రాయింగులు కూడబెట్టారు. పనివాళ్లు వచ్చి చూసి నేర్చుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. అదే తర్వాత అమెరికాలో మ్యూజియాలు నడిపే స్మిత్‌సోనియన్ సంస్థ చేతికి వెళ్లి, ఇప్పుడు ఫిఫ్త్ అవెన్యూలో ఉక్కు వ్యాపారి కార్నెగీ కట్టుకున్న ఇంట్లో కూపర్ హెవిట్ పేరుతో నడుస్తోంది. చిన్న తమ్ముడు అర్‌స్కిన్ న్యూజెర్సీలోని రింగ్‌వుడ్ ఎస్టేటును 1930లలో ఆ రాష్ట్రానికి రాసిచ్చారు.

మరో సోదరుడికి తాత పేరే పెట్టారు, మనవాళ్లు పెట్టినట్టే. పీటర్ కూపర్ హెవిట్ పాదరసపు ఆవిరితో వెలిగే దీపం కనిపెట్టారు. నీలి ఆకుపచ్చ కాంతి ఇచ్చే ఆ దీపాలు ఫ్యాక్టరీల్లో, ఫొటో స్టూడియోల్లో వెలిగాయి. ఈయన కొమ్మలోనే ఒక చేదు సంగతి ఉంది. 1921లో చనిపోయేనాటికి ఆయన ఆస్తిలో మూడింట రెండు వంతులు కూతురు ఆన్‌కు రాశారు. ఆమెకు పిల్లలు లేకపోతే అది తల్లికి చెందాలని షరతు పెట్టారు. ఆన్‌కు ఇంకా మైనారిటీ తీరకముందు, 1934లో, అపెండిసైటిస్ ఆపరేషన్ చేస్తూ ఆమెకు చెప్పకుండా ఇక పిల్లలు పుట్టకుండా కూడా చేశారు. 1936లో ఆన్ తల్లి మీద, డాక్టర్ల మీద కోర్టుకెక్కారు. కూతురికి తెలివితేటలు తక్కువని తల్లి వాదించారు. ఆ రోజుల్లో అలాంటి ముద్ర వేసి ఎందరికో ఈ పని చేసేవారు. డాక్టర్ల మీద నేరం నిలవలేదు. గొప్ప కుటుంబాల చరిత్రలు రాసేవాళ్లు ఈ పేజీ తిప్పేస్తారు. మీలో పెద్దవాళ్లు మాత్రం దీన్ని చదవాలి.

కొడుకు ఎడ్వర్డ్ కొమ్మా కూతురి మీదుగానే సాగింది. ఆయన కూతురు ఎడిత్, లాయిడ్ బ్రైస్ అనే ఆయన్ను పెళ్లాడారు. వాళ్లమ్మాయి కొర్నేలియా అంటే పీటర్ గారికి మునిమనవరాలు. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేశారు. 1914లో గిఫర్డ్ పించోను పెళ్లి చేసుకున్నారు. ఆయన పెన్సిల్వేనియా గవర్నరు అయ్యాక కూడా కొర్నేలియా ఊరుకోలేదు. తనే కాంగ్రెసుకు, అంటే అమెరికా చట్టసభకు పోటీచేశారు, గెలవలేదు. 1933లో ఆ రాష్ట్రపు బట్టల కార్ఖానాల్లో తక్కువ కూలికి పనిచేసే పిల్లలు సమ్మె కడితే వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డారు. కార్ఖానా యజమాని మునిమనవరాలు, గవర్నరు భార్య అలా నిలబడితే పత్రికలు ఊరుకుంటాయా? పెద్ద అక్షరాలతో రాశాయి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ