ప్రోగ్రామింగ్ దరువులో చెయ్యి ఎక్కడ పోయింది

పోయిన దసరాకి ముందు ఒక అమ్మవారి పాటకి రిథమ్ చేశాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా గది చాలా చిన్నది, ఒక కంప్యూటర్, రెండు స్పీకర్లు, మోత రాకుండా గోడలకి దుప్పట్లు, అంతే. డప్పు, డోలక్, తాళాలు, కింద బరువుకి ఒక కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము చప్పుడు), అన్నీ కంప్యూటర్‌లోనే వేశాను. ఆ రోజు పాడటానికి వచ్చిన అమ్మాయికి తోడుగా వాళ్ల పెదనాన్న వచ్చాడు. ఎన్నో ఏళ్లు ఆర్కెస్ట్రాల్లో డోలక్ వాయించిన మనిషి, మేమందరం బాబాయ్ అనే పిలుస్తాం. ట్రాక్ మొత్తం విని, "అన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయిరా అబ్బాయ్, చెయ్యి లేదు" అన్నాడు.

నేను వెంటనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న, మనిషి వాయించినట్టు చేస్తానని చెప్పే హ్యూమనైజ్ బటన్ నొక్కి వినిపించాను. ఈసారి "ఇప్పుడు తాగి వాయించినట్టుంది" అన్నాడు. నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. కరెక్ట్‌గా ఉంటే మిషన్, కదిపితే తప్పు, మరి ఈ రెండింటి మధ్య ఉన్న చెయ్యి ఎక్కడ పోయింది? అప్పటి నుంచి దీని వెనక కథంతా తవ్వుకుంటూ వచ్చాను. ఈ రోజు దరువు ప్రోగ్రామింగ్ చేసే ప్రతివాడికీ ఈ కథ తెలియాలని నా అభిప్రాయం.

దరువు వాయించే పని మిషన్‌కి అప్పజెప్పాలన్న కోరిక చాలా పాతది. అమెరికాలో వుర్లిట్జర్ కంపెనీ 1959లో సైడ్‌మ్యాన్ అని ఒక పెట్టె తెచ్చింది. లోపల ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది, దాని మీద అక్కడక్కడ కరెంటు తగిలే చోట్లు, తగిలినప్పుడల్లా వాక్యూమ్ ట్యూబుల నుంచి ఒక చప్పుడు. వాల్ట్‌జ్, ఫాక్స్‌ట్రాట్ లాంటి డ్యాన్స్ నడకలు కొన్ని ముందే సిద్ధం చేసి పెట్టారు, వేగం మార్చుకోవచ్చు. ఇంట్లో ఆర్గన్ వాయించుకునేవాడికి తోడుగా తాళం వేసే మనిషి లేడు కాబట్టి ఆ లోటు తీర్చడానికి పుట్టిన పెట్టె అది. దాన్ని డ్రమ్మర్ అనుకోమని ఎవరూ అడగలేదు కాబట్టి చెయ్యి లేదని ఎవరూ బాధపడలేదు. తర్వాత జపాన్‌లో ఇకుతారో కకెహాషి ఏస్ టోన్ పేరుతో ఇలాంటి పెట్టెలే చేసి, 1972లో రోలాండ్ కంపెనీ పెట్టాడు. 1980లో వచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మిషన్ ఆ కంపెనీదే. దాంట్లో నిజం డ్రమ్ముల రికార్డింగ్ ఏదీ లేదు, చప్పుళ్లన్నీ సర్క్యూట్లు పుట్టించినవే. దెబ్బ బలం మార్చాలంటే యాక్సెంట్ అని ఒకటి ఉంది, కానీ అది ఆ గడిలో (తాళాన్ని సమానంగా కోస్తే వచ్చే ఒక్కో ముక్క గడి) మోగే వాయిద్యాలన్నింటికీ కలిపి ఒకేసారి పడుతుంది. అంటే తాళం గట్టిగా, డోలక్ మెత్తగా ఒకే చోట పడాలంటే అక్కడే ఇబ్బంది. ఇదే మిషన్ దరువు మీద 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ రాగాలు వాయించి ఒక ఎల్పీ తెచ్చాడు, అంటే అది మన దేశానికి కూడా తొందరగానే చేరింది.

అసలు మలుపు అదే 1980లో ఇంకొక చోట జరిగింది. రోజర్ లిన్ అనే గిటారిస్టు చేసిన ఎల్ఎం-1 అనే డ్రమ్ మిషన్‌లో మొదటిసారిగా నిజం డ్రమ్ముల రికార్డింగులు చిప్పుల్లో పెట్టారు. మెమరీ అప్పట్లో ఎంత ఖరీదంటే, ఎక్కువసేపు మోగే పెద్ద తాళాలకి దాంట్లో చోటే లేదు, అయినా ధర దాదాపు 5,000 డాలర్లు. కానీ మన సమస్యకి మూలం చప్పుళ్లలో లేదు, ఆయన దాంట్లో పెట్టిన ఇంకో పనిలో ఉంది. మొదట్లో తయారు చేసుకున్న ప్రోగ్రామ్ దెబ్బల్ని పదహారో వంతు గడుల్లోనే (ఒక బీటుకి నాలుగు గడులు) దాచుకోగలిగేది, కాబట్టి వేలు కొంచెం అటూ ఇటూ పడినా తిరిగి వినిపించేటప్పుడు సరిగ్గా గడిలోనే పడేది. తన తప్పులు వాటంతట అవే సర్దుకుంటున్నాయని ఆయన గమనించాడు, దాన్నే ఒక సదుపాయంగా పెట్టాడు. ఈ రోజు మనం క్వాంటైజ్ అనేది అదే.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. క్వాంటైజ్‌ని తిట్టేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు, ఆ మనిషే, ఆ మిషన్‌లోనే, దానికి విరుగుడు కూడా పెట్టాడు. దాని పేరు స్వింగ్. పదహారో వంతు దెబ్బల్లో రెండోదాన్ని కొంచెం ఆలస్యం చెయ్యడమే దాని పని. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఎనిమిదో వంతు, అంటే సగం బీటు, 250 మిల్లీసెకన్లు, దాన్ని సమానంగా కోస్తే 125, 125. స్వింగ్ 54 శాతం పెడితే 135, 115 అవుతుంది. 66కి తీసుకెళ్తే ఇంచుమించు రెండు పాళ్లు, ఒక పాలు, అంటే మూడు పాళ్లుగా నడిచే మన తిశ్ర నడక. నాలుగు పాళ్ల చతురశ్రం నుంచి తిశ్రానికి పోయే దారిలో మధ్యలో ఎన్ని మెట్లున్నాయో ఆ ఒక్క బటన్ చూపిస్తుంది. మన డప్పు దరువులు చాలావరకు ఆ మధ్య మెట్లలోనే ఎక్కడో నిలబడి ఉంటాయి, అందుకే రాసి చూపిస్తే పూర్తి తిశ్రమూ కావు, పూర్తి చతురశ్రమూ కావు. లిన్ తర్వాత అకాయ్ కంపెనీకి చేసిన ఎంపీసీ60లో (1988) ప్యాడ్లని వేళ్లతో కొడితే ఎంత గట్టిగా కొట్టామో కూడా లెక్కలోకి వచ్చింది. ఆ వరసలోనే వచ్చిన ఎంపీసీ3000 మీద డెట్రాయిట్‌కి చెందిన జె డిల్లా దెబ్బల్ని గడుల నుంచి కావాలనే కాస్త జరిపి, మిషన్‌తోనే చెయ్యి తెలిసేలా చేశాడు. అంటే తప్పు మిషన్‌ది కాదు.

మన వైపు సంగతికి వస్తే, చెయ్యి ఒక్కసారిగా పోలేదు, విడతలు విడతలుగా పోయింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ స్టూడియోల్లో గాత్రం, వయొలిన్, మృదంగం ఒకే గదిలో ఒకరినొకరు చూసుకుంటూ వాయించిన కచేరీలు వింటూ పెరిగిన ఊరు ఇది. ఇక్కడ మృదంగం అనగానే దండమూడి రామమోహనరావు, సుమతి దంపతులు గుర్తొస్తారు, సుమతిగారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. మృదంగం ఎడమవైపు రవ్వ ముద్ద పెడతారు, కచేరీ సాగేకొద్దీ అది ఆరుతుంది, నాదం మారుతుంది, వాయించే మనిషి తడిచేసుకుని సర్దుకుంటాడు. మొదటి పాటలో పడిన దెబ్బ, చివరి పాటలో పడిన దెబ్బ ఒకటి కావు.

బుర్రకథ ఇంకా పెద్ద పాఠం. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ దాన్ని ఎంత ఎత్తుకి తీసుకెళ్లాడో ఈ జిల్లాలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మధ్యలో కథకుడు తంబురాతో, వేళ్లకి అందెలతో, అటూ ఇటూ వంతలు డక్కీలతో. యుద్ధం ఘట్టం వచ్చేకొద్దీ దరువు పరుగెత్తుతుంది, శోకం దగ్గర కుంటుపడుతుంది, మాట కోసం టక్కున ఆగుతుంది, మళ్లీ తందాన తాన అనగానే ముగ్గురూ కలిసి లేస్తారు. అక్కడ వేగాన్ని కథే నడుపుతుంది. ఒకసారి బుర్రకథ బాణీలో ఒక ప్రచార పాట చెయ్యమంటే, నేను మొదట నిమిషానికి 96 బీట్ల వేగంలో క్లిక్ (మారకుండా టిక్ టిక్‌మనే తాళం) పెట్టి పాడించాను, పాట చచ్చిపోయింది. తర్వాత క్లిక్ తీసేసి, ఒట్టి అందెలతో పాడించి, ఆ గొంతు ఎక్కడ ఎంత పరుగెత్తిందో కొలిచి, గడుల్నే దానికి తగ్గట్టు సాగదీశాను. పల్లవి 92 దగ్గర మొదలై, చివరి చరణానికి 101కి చేరింది. వినేవాళ్లకి వేగం పెరిగినట్టు అనిపించలేదు, కథ వేడెక్కినట్టు అనిపించింది.

ఆర్కెస్ట్రాల్లోకి ఆక్టోపాడ్ (కర్రలతో కొట్టే ఎనిమిది ప్యాడ్ల ఎలక్ట్రానిక్ పెట్టె) వచ్చాక మొదటి విడత పోయింది. రోలాండ్ దాన్ని 1985లో విడుదల చేసింది, తర్వాత పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో, కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల ముందు వేసే స్టేజీల మీద అదే రాజ్యం. ట్రిపుల్ కాంగో, డోలక్, డ్రమ్స్ మోసుకెళ్లే బదులు ఒక సూట్‌కేసంత వస్తువు, డబ్బు తగ్గుతుంది, సౌండ్ చెక్ తొందరగా అయిపోతుంది. ప్యాడ్ వాయించేవాడి కాలం, అంటే దెబ్బ ఎప్పుడు పడాలన్నది, మాత్రం అతనిదే, కర్ర అతనే పట్టుకున్నాడు. పోయింది నాదం. ఒక్కో ప్యాడ్‌లో ఒక్కో చప్పుడు, మెత్తగా కొట్టినా గట్టిగా కొట్టినా అదే చప్పుడు చిన్నదో పెద్దదో అవుతుంది తప్ప చర్మం మీద చెయ్యి జారిన చోటు మారదు. తర్వాత కీబోర్డులో రెడీమేడ్ రిథమ్ వచ్చింది, బటన్ నొక్కితే చాలు, అప్పుడు కాలం కూడా పోయింది. ఆ తర్వాత కంప్యూటర్లు, లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే రికార్డింగ్ ముక్కలు). అదే డప్పు లూపు పది పాటల్లో వినిపించే రోజులు వచ్చాయి. దీంట్లో ఎవరినీ తప్పు పట్టలేను, పాటకి ఇచ్చే డబ్బుల్లో ముగ్గురు వాయిద్యగాళ్లని పిలిచే పరిస్థితి నాకూ లేదు.

విదేశాల్లో ఈ లోటు తీర్చడానికి 2000ల తర్వాత గట్టి ప్రయత్నమే జరిగింది. 2003లో వచ్చిన బీఎఫ్‌డీ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఒకే స్నేర్ డ్రమ్ముని రకరకాల బలాలతో కొట్టి, ఎన్నోసార్లు రికార్డు చేసి పెట్టారు, వరసగా కొట్టినప్పుడు ఒకే శబ్దం తుపాకీ పేలినట్టు మళ్లీ మళ్లీ రాకుండా. మంచి పనే, కానీ ఆ శ్రమ ఎక్కువగా పడింది డ్రమ్ కిట్ మీద. మన డప్పుకి, డోలక్‌కి ఆ స్థాయిలో నేను వాడినవి చాలా తక్కువ.

ఇక హ్యూమనైజ్ బటన్ ఎందుకు పని చెయ్యదో చెప్పాలి, బాబాయ్ మాటకి జవాబు ఇక్కడే దొరికింది. ఆ బటన్ చాలా సాఫ్ట్‌వేర్లలో చేసేది ఒకటే, ప్రతి దెబ్బనీ పాచికలు వేసినట్టు కాస్త ముందుకో వెనక్కో నెడుతుంది, ఒక దెబ్బకి ఇంకో దెబ్బతో సంబంధం ఉండదు. జర్మనీకి చెందిన హోల్గర్ హెన్నిగ్, ఆయనతో ఉన్న శాస్త్రవేత్తలు 2011లో ఇదే కొలిచారు. మనుషులు తాళం వేసేటప్పుడు వచ్చే తేడాలు చిన్నవే, పది ఇరవై మిల్లీసెకన్ల లెక్కలో ఉంటాయి, కానీ అవి గుడ్డి తేడాలు కావు. ఇప్పుడు పడిన దెబ్బ ప్రభావం ఎన్నో దెబ్బల తర్వాత కూడా కనిపిస్తుంది, కాస్త వెనకబడితే కొంతసేపు వెనకే నడిచి, మెల్లగా సర్దుకుంటారు. ఈ రెండు రకాల తేడాలతో చేసిన పాటని వినిపిస్తే వినేవాళ్లు ఎక్కువగా మెచ్చింది ఆ సంబంధం ఉన్నదాన్నే. చేతికి జ్ఞాపకం ఉంటుందన్నమాట.

అందుకే ఆ అమ్మవారి పాటని మళ్లీ మొదలుపెట్టాను. ఒక డప్పు అతన్ని గంటసేపు పిలిచి, పాట వినిపిస్తూ ఒట్టి దరువు వాయించమన్నాను. వచ్చీ రాగానే మా మేడ మీద కాగితాలు మంటేసి డప్పు కాచుకున్నాడు, చర్మం బిగిసి ఖంగుమంది. కుడిచేతిలో లావు చిర్ర, ఎడమచేతిలో సన్నని పుల్ల. రికార్డు చేసినదాన్ని తెర మీద పెద్దది చేసి చూస్తే, లావు కర్ర దెబ్బలు దాదాపు గడి గీత మీదే ఉన్నాయి, సన్నపుల్ల దెబ్బలు మాత్రం వరసగా గీతకి కాస్త వెనక, పల్లవి చివర ఉత్సాహం వచ్చిన చోట రెండూ కలిసి గీతకి ముందుకి దూకాయి. నేను ఇన్నేళ్లూ రెండు చేతుల్నీ ఒకే ట్రాక్‌లో ఒకే బలంతో వేస్తున్నాను! ఇప్పుడు రెండు కర్రలకి రెండు ట్రాకులు, సన్నపుల్లకి, కంప్యూటర్‌లో ఎక్కువలో ఎక్కువ బలం 127 అయితే, నలభై యాభై మించని బలం, దెబ్బల కాలమంతా అతని చేతినుంచి తీసుకున్నదే. కిక్ ఒక్కటే గడిలో ఉంచాను, డ్యాన్స్ వేసేవాళ్లకి అది కావాలి.

బాబాయ్ మళ్లీ విన్నాడు. డప్పు దగ్గర తల ఊపాడు, డోలక్ వచ్చేసరికి తల ఆగిపోయింది. ఎడమచేతి మణికట్టుతో చర్మాన్ని నొక్కి జార్చితే వచ్చే గుమికి, కంప్యూటర్‌లో పిచ్ గీత గీసి తెచ్చాను, అది ఇంకా చేతిలా లేదు. తన డోలక్‌కి తాళ్లు బిగించుకుని వచ్చే ఆదివారం తెస్తానన్నాడు.